మోటారు మెకానిక్ చూసిన డయాలసిస్ సెంటరు

చండూరుల నాది మోటారు వైండింగ్ షాపు. బోరు మోటారు కాలిపోయి వస్తే పాత రాగి తీగ పీకేసి కొత్తది చుట్టుడు నా పని. సోమ, బుధ, శుక్రవారాలు మాత్రం నా షట్టరు మధ్యాహ్నం రెండు దాటినంకనే లేస్తది. ఆ మూడు దినాలు తెల్లారుగట్ల బస్సుకు మా అమ్మను తీసుకొని నల్లగొండకు డయాలసిస్‌కు పోత, అంటే కిడ్నీలు పోయినోళ్లకు మెషీన్ తోని రక్తం శుభ్రం చేసుడు. రెండేండ్లు దాటింది. అమ్మకు జీరో టికెట్, నాకు పైసలు. కండక్టర్లకు మేం ఎంత అలవాటైనమంటే, అమ్మ ఎక్కంగనే ముందు సీటుల కూసున్నోళ్లను వాళ్లే లేపుతరు.

ఈ సెంటరు గురించి రాయమని మా బావమర్ది చాన రోజులుగ అంటున్నడు. వాళ్ల ఊర్ల ఒకాయనకు కొత్తగ డయాలసిస్ రాసిన్రట, ఏ సెంటరుకు పోవాల్నో తెల్వక తిరుగుతున్నడట. సెంటరు పేరు మాత్రం రాయను. ఇందుల మంచి రాస్త, చెడ్డ కూడ రాస్త. సోమవారం పొద్దున మళ్ల వాళ్ల చేతులల్లనే మా అమ్మ చెయ్యి పెట్టాలె గద. పేరు లేకున్నా, ఏ సెంటరుకు పోయినా ఏం చూడాల్నో తెలిస్తే సాలు.

మొదలు ఐదు నెలలు మేం ఇంకో ఊర్ల ఇంకో సెంటరుకు పోయినం. అది చూస్తే లాడ్జి లెక్క ఉంటుండె. టైల్స్, గోడకు పెద్ద టీవీ, రిసెప్షన్ల పూలు. నేను కూడ మురిసిపోయిన. అక్కడ బరువు కాంటా ఒక మూలకు పడి ఉండేది, దాని మీద ఫైళ్లు పెట్టేటోళ్లు. అమ్మను మంచం మీద పండబెట్టి, మొఖం చూసి, కాళ్లు ఒత్తి చూసి, "వాపుంది, మూడు కిలోలు తీద్దాం" అనేటోళ్లు. మూడో గంట కొచ్చేసరికి అమ్మకు పిక్కలు పట్టేసి అరుపులు. బీపీ 80కి దిగేది. కాళ్లు పైకెత్తి సెలైన్ ఎక్కిస్తే మళ్ల తేరుకునేది. ఇంటికొచ్చి తెల్లారిందాక లేవకపోయేది. డయాలసిస్ అంటేనే ఇట్ల ఉంటదేమో అనుకున్నం. ఐదు నెలలు అట్లనే అనుకున్నం!

తర్వాత తెలిసింది ఏందంటే, కిడ్నీ పని చెయ్యనోళ్లు తాగిన నీళ్లు ఒంట్లనే ఉంటయి. ఒక లీటరు నీళ్లంటే ఒక కిలో. కాబట్టి పోయినసారి మెషీన్ దిగినప్పటి బరువుకు, ఈసారి వచ్చినప్పటి బరువుకు ఎంత తేడా ఉంటే దగ్గరదగ్గర అంత నీరు చేరినట్టు. నీరంతా పోయి, వాపు లేకుండ, ఆయాసం లేకుండ, బీపీ మంచిగ ఉన్నప్పటి బరువును డ్రై వెయిట్ అంటరు. మా అమ్మది 52 కిలోలు. 53న్నర తోని వచ్చిన మనిషికి మూడు కిలోలు తీస్తే ఏమైతది? లేని నీళ్లు గుంజినట్టు. బోర్ల నీళ్లు లేనప్పుడు మోటారు నడిపిస్తే ఏమైతదో నాకంటే బాగ ఎవరికి తెలుసు. రోజూ అట్లాంటియే రెండు మూడు నా షాపుకు వస్తయి.

ఇప్పుడు పోయే సెంటరుల నాకు మొదటి రోజే నచ్చింది కాంటా. తలుపు తియ్యంగనే ఎదురుగ అదే ఉంటది. టెక్నీషియన్ పిలగాడు మా అమ్మను చూసి, "పెద్దమ్మా, చెప్పులు ఇడువు, శాలువ తియ్యి" అన్నడు. తీసింది. కాంటా మీద ఎక్కింది. పిలగాడు అంకె చూసి రాసుకోకుండ అమ్మ నడుము దిక్కు చూసిండు. "ఆ తాళాల గుత్తి కూడ తీసి ఇటియ్యి." అమ్మకు కోపమొచ్చింది. ఇంటి తాళం, బీరువా తాళం, పశువుల కొట్టం తాళం అన్నీ ఆ గుత్తికే ఉంటయి, పండుకున్నా తియ్యదు. "దాని బరువెంత ఉంటది బిడ్డా" అన్నది. పిలగాడు గుత్తిని ఒక్కదాన్నే కాంటా మీద పెట్టి చూపెట్టిండు. 200 గ్రాములు. "ఈ తాళాలను నీ రక్తంలకెల్లి గుంజమంటవా పెద్దమ్మా?" అన్నడు. అమ్మ నవ్వింది. డయాలసిస్ మొదలైనంక ఆ గదిల ఆమె నవ్వుడు అదే మొదలు.

అప్పటి సంది పిక్కలు పట్టుడు నెలకు ఒకటో రెండో సార్లు. అది కూడ ఆమె పెండ్లిళ్లల్ల తిని వచ్చినప్పుడు.

ఇగ నీళ్ల రూము సంగతి చెప్పాలె. నా అసలు రివ్యూ ఇదే అనుకోండ్రి.

డయాలసిస్ సెంటరుల మందు కంటే నీళ్లు ముఖ్యం. మెషీన్ల డయలైజర్ అని ఒక గొట్టం ఉంటది, చూడనీకి పెద్ద టార్చిలైటంత. దాంట్ల వెంట్రుకల లెక్క సన్నని పోగులు దాదాపు పది వేలు. పోగుల లోపల నుంచి రక్తం, బయట నుంచి మందు కలిపిన నీళ్లు, ఎదురెదురుగ పోతయి. రక్తంల ఎక్కువున్న పొటాషియం, ఒంట్ల పుట్టే చెత్త యూరియా, క్రియాటినిన్ పోగు గోడల సన్న రంధ్రాల నుంచి నీళ్లలకు జారుతయి. రక్తం నిమిషానికి 250, 300 మిల్లీలీటర్లు పోతే, నీళ్లు నిమిషానికి 500. నాలుగు గంటలకు లెక్కేస్తే 120 లీటర్లు. మనం రెండు నెలలు తాగే నీళ్లు ఆమె రక్తం పక్క నుంచి ఒక్క పూటల పోతున్నయి. మధ్యల ఉన్నది కాగితం కంటే పల్చని పొర. మనం తాగిన నీళ్లల్ల ఏదన్న చెడు ఉంటే పేగులు కొంత ఆపుతయి, కిడ్నీ కొంత బయటికి తోస్తది. ఇక్కడ పేగులు అడ్డం లేవు, కిడ్నీ లేనేలేదు.

మనది ఫ్లోరైడ్ జిల్లా. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు దిక్కు వంగిపోయిన నడుములు, పచ్చటి పండ్లు చూడని ఊరు లేకుండె. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థోళ్లు మన జిల్లా పేరే పెట్టిన్రు, నల్లగొండ టెక్నిక్ అని. ఇప్పుడు కృష్ణ నీళ్లు వస్తున్నయి, అది వేరే ముచ్చట. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు అంటరు. మరి డయాలసిస్ నీళ్లల్ల ఎంత ఉండొచ్చు? 0.2. దానికి మించొద్దు. ఆ నీళ్లకు పటికల నుంచి వచ్చే అల్యూమినియం కూడ విషమే. కిడ్నీ లేనోళ్లకు అది ఎముకలల్ల, మెదడుల పేరుకుంటది. మున్సిపాలిటీ నీళ్లల్ల వేసే క్లోరిన్ ఉంటది గద, అది రక్తంలకు పోతే ఎర్ర కణాలు పగిలిపోతయి. మనల్ని కాపాడనీకి వేసిన క్లోరినే మా అమ్మకు ప్రమాదం.

నాకు నీళ్ల రూములకు పోయే అవకాశం ఎట్ల దొరికిందంటే, వచ్చిన రెండో వారమే గోడ అవతల హై ప్రెషర్ పంపు సప్పుడు తేడాగ వినపడ్డది. మామూలు చెవికి తెల్వదు గని మా పనోళ్లకు తెలుస్తది, బేరింగ్ పోయే ముందు ఒక తీరు సన్నగ గీసినట్టు వస్తది. టెక్నీషియన్‌కు చెప్పిన. "అన్నా, రా చూద్దువు" అని తీసుకుపోయిండు. బేరింగే. నేను చెయ్యి పెట్టలేదు, కంపెనీ మనిషి వచ్చి మార్చిండు. కని అప్పుడే రూము మొత్తం చూసిన. ఇసుక ఫిల్టరు, దాని తర్వాత బొగ్గు ఫిల్టరు, సాఫ్ట్‌నర్, సన్న ఫిల్టరు, ఆర్వో మెంబ్రేన్లు. క్లోరిన్‌ను పట్టేది ఆ బొగ్గే, అది అరిగిపోతే బయటికి ఏమీ కనపడదు. అందుకని ప్రతి షిఫ్టు ముందు నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి రంగు చూడాలె. గోడకు దారంతోని కట్టిన రిజిస్టరు ఉంది. తేదీ, టైము, రీడింగు, సంతకం. నేను పేజీలు తిరగేసిన. ఒకే పెన్నుతో ఒకే పూట నెల మొత్తం రాసిన రిజిస్టర్లు మా లైన్ల చాన చూసిన. ఇది అట్లాంటిది కాదు. ఒక దగ్గర నీలం, ఒక దగ్గర నలుపు, ఒక పేజీ మీద చాయ మరక. దానికి ఒక స్టారు.

కొత్త సెంటరుకు పోయేటోళ్లు టీవీ గురించి అడగకుండ్రి. "మీ నీళ్ల రిజిస్టరు చూడొచ్చా?" అని అడగండ్రి. వాళ్ల మొఖంల మారే రంగే మీకు చెప్తది.

అమ్మకు ఈ గతి ఎట్ల పట్టిందో చెప్పకుంటే సగమే చెప్పినట్టు. మా ఊర్ల అందరు ఒకటే మాట, ఫ్లోరైడ్ నీళ్లు తాగి కిడ్నీలు పోయినయని. నేను కూడ అట్లనే నమ్మిన. బుధవారం వచ్చే కిడ్నీ డాక్టర్ మేడమ్ ఉంది. మనిషి దగ్గర రెండు నిమిషాలు కూడ నిలబడదు, అది మైనస్ కింద రాస్త. కని ఒక బుధవారం జనం తక్కువున్నరు, నేను మోటార్లు చుడతనని తెలిసి, చీటీ ఎనక బొమ్మేసి చెప్పింది.

ఒక్కో కిడ్నీ పిడికిలంత, 150 గ్రాములు. అందుల 10 లక్షల దాక నెఫ్రాన్లు, అంటే చిన్న చిన్న ఫిల్టర్లు. గుండె కొట్టే రక్తంల ఐదో వంతు ఈ రెండింటికే పోతది. జల్లెడల నుంచి రోజుకు 180 లీటర్లు కారుతది, బయటికి వచ్చే మూత్రం లీటరున్నర. మిగతాదంతా మళ్ల రక్తంలకే. నాకు వింతగ అనిపించింది. ఇంట్ల చెత్త తియ్యాలంటే చెత్త ఏరి పారేస్తం గద. కిడ్నీ అట్ల కాదట, ఇంట్ల ఉన్న సామానంతా వాకిట్ల పెట్టి, చక్కెర, ఉప్పు, నీళ్లు, పనికొచ్చేదంతా ఒక్కొక్కటి లెక్కపెట్టుకొని లోపలికి తెచ్చుకుంటది, మిగిలింది పారేస్తది. రోజుకు 60 సార్లు. అందుకే కొత్త చెత్త ఏదొచ్చినా దానికి గుర్తుపట్టే పని లేదు, లోపలికి తెచ్చుకోకుంటే సాలు. ఇంత మంచి డిజైను నేను ఏ మెషీన్ల చూడలేదు.

"మరి అంత మంచిది ఎట్ల ఖరాబైంది మేడమ్?" అన్న.

అమ్మకు షుగరు 15 ఏండ్ల సంది. రక్తంల చక్కెర ఎక్కువుండేసరికి జల్లెడ సన్న నాళాలు గట్టిపడి, రంధ్రాలు పెద్దగై, పోవద్దన్న ప్రొటీన్ మూత్రంల పోవుడు మొదలైతది. నురగ వస్తది. మా నాయన ఒకసారి అన్నడు కూడ, బాత్రూంల నురగ నిలుస్తుందని. సబ్బు నీళ్లేమో అనుకున్నం. రెండోది బీపీ. బీపీ గోలీ ఆమె తలనొప్పి ఉన్నప్పుడే వేసుకునేది, ఏ నొప్పీ లేకుంటే దేనికి అని. జల్లెడ మీద రోజూ ఎక్కువ ప్రెషర్. ఇగ మూడోది మోకాళ్ల నొప్పి. ఫ్లోరైడ్ పాత్ర ఏమన్న ఉంటే ఇక్కడుంది అన్నది మేడమ్. కీళ్ల నొప్పులకు వారానికి రెండు సూదులు, రోజూ డైక్లోఫెనాక్ గోలీలు, ఆరేడేండ్లు. ఆర్‌ఎంపీ డాక్టర్ ఇస్తడు, మెడికల్ షాపోడు ఇస్తడు, ఎవ్వరూ లేకుంటే నేనే తెచ్చిచ్చిన. ఆ గోలీలు జల్లెడకు రక్తం వచ్చే దారిని ముడుచుకునేటట్టు చేస్తయట. గేటు వాల్వు సగం మూసి మోటారు నడిపించినట్టు. పత్తి ఏరనీకి ఎండల పోయి నీళ్లు తాగని రోజు ఆ గోలీ వేసుకుంటే దెబ్బ ఇంకా ఎక్కువ. కిడ్నీ దెబ్బతిన్నంక ఫ్లోరైడ్ బయటికి పోవుడు తగ్గి ఎముకలల్ల ఇంకా చేరుతది. నొప్పి ఇంకా పెరుగుతది, మళ్ల గోలీ. ఆ గోలీల పట్టీలు నా చేతులతోనే కొన్న. ఇది రాస్తుంటే చెయ్యి ఆగింది గని రాస్తున్న, చదివినోళ్ల ఇంట్ల ఎవరో ఒకరు ఇప్పుడు అదే గోలీ వేసుకుంటుంటరు.

ఇంకొకటి. అమ్మకు 58 ఏండ్లప్పుడు కంటి ఆపరేషన్ ముందు రక్త పరీక్ష చేసిన్రు. క్రియాటినిన్ 1.4. లాబోడు పక్కన ఒక చుక్క పెట్టిండు, ఎక్కువుందని. మేం "1.4 గద, ఎంత ఎక్కువ" అనుకున్నం. ఇప్పుడు లెక్క తెలిసింది. ఆమె వయసుల ఆడమనిషికి 1.4 అంటే జల్లెడ పని నూటికి 40 చిల్లర మీదికి వచ్చినట్టు. 0.7 ఉన్నది 1.4 అయిందంటే సగం మోటార్లు అప్పటికే కాలినయి. 7 నుంచి 8 అయితే పోయేది చాన తక్కువ, అప్పటికి పోనీకి ఏం మిగలదు. ఈ అంకె మొదట్ల మెల్లగ పెరుగుతది, చివరికి ఉరుకుతది. ఎందుకంటే కాలిన నెఫ్రాన్ మళ్ల పుట్టదు, దాని పని మిగతాయి చేస్తయి, లోడెక్కి అవి కూడ కాలుతయి. ఒక ట్యాంకుకు మూడు మోటార్లుంటే ఒకటి పోయిన దినం నల్లాల నీళ్లు తగ్గవు. ఇంట్లోళ్లకు తెల్వదు. మూడోది పోయిన దినమే బిందెలు పట్టుకొని బయటికొస్తరు. షుగరు, బీపీ ఉన్నోళ్లు ఏడాదికి ఒకసారి క్రియాటినిన్ తోని పాటు మూత్రంల అల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష చేపించుకుంటే ఆ మొదటి మోటారు పోయినప్పుడే దొరుకుతది. 15 ఏండ్లల్ల మాకు ఆ మూత్రం పరీక్ష ఒక్కసారి కూడ కాలేదు.

రాళ్ల సంగతి కూడ జెర చెప్త. మా షాపు కాడ కిడ్నీ అనంగనే జనానికి గుర్తొచ్చేది రాయే. రాయి అడ్డం పడి మూత్రం ఎనకకు తంతే కిడ్నీ చెడిపోతది, నిజమే. కని బీరు తాగితే పోతదని చెప్పేటోళ్లు, పసరు మందిచ్చేటోళ్లు మా అమ్మ దగ్గరికి కూడ వచ్చిన్రు. ఆమెకు రాయి లేదు మొర్రో అంటే వినరు.

సరే, సెంటరుకు వస్త.

సూది గుచ్చుడు. అమ్మకు ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, హైదరాబాద్‌ల చేపించినం. చెడ్డ రక్తనాళాన్ని మంచి నాళాన్ని కలిపి కుట్టుడు అంటరు మా ఊర్ల, అది తప్పు. గుండె నుంచి వచ్చే ధమనిని, గుండెకు పోయే సిరతోని కలుపుతరు. ఆ ప్రెషర్‌కు సిర లావై గట్టిపడితే అందులకు లావు సూదులు రెండు గుచ్చనీకి పనికొస్తది. గట్టిపడనీకి మాకు రెండు నెలలు పట్టింది. చెయ్యి మీద నా చెయ్యి పెడితే గుర్రుమంటది, మంచిగ నడిచే మోటారు బాడీ మీద చెయ్యి పెట్టినట్టే. రోజూ పొద్దున చాయ తాగకముందు నేను ఆ సప్పుడు చూస్త. ఆగిందంటే గడ్డ కట్టినట్టు, వెంటనే ఉరకాలె. ఆ చేతికి బీపీ పట్టొద్దు, వేరే సూదులు గుచ్చొద్దు, బిందె ఎత్తొద్దు, గాజులు బిగువుగ ఉండొద్దు. గాజుల కాడ అమ్మ ఏడ్చింది. మా నాయన ఉన్నడు, ఒక చెయ్యి బోసిగ ఎట్ల పెట్టుకోవాలె అని. సెంటరుల ఒక సిస్టరు ఉపాయం చెప్పింది, ఆ చేతి గాజులు కూడ కుడి చేతికే వేసుకోమని. ఇప్పుడు కుడి చేతికి మోచేయి దాక గాజులు. మనిషి కదిలితే గది మొత్తం తెలుస్తది.

ఇక్కడ టెక్నీషియన్లు నలుగురు. అందుల ఇద్దరి చెయ్యి చాన మంచిది, ఒక్క గుచ్చుల దొరుకుతది, ఒకే చోట గుచ్చకుండ జాగ మారుస్తరు. ఒకాయన కొత్త, రెండుసార్లు చెయ్యి ఉబ్బిచ్చిండు. నేను గొడవ పెట్టుకోలే, పెద్దాయనను పిలవమన్న, వచ్చిండు. మీకు అట్లయితే మీరు కూడ పిలవమనండ్రి, మొహమాటం వద్దు.

పోయిన ఎండకాలం ఒక పొద్దున కరెంటు పోయింది. జనరేటరు ఉంది, అంటుకోలే. తర్వాత తెలిసింది, బ్యాటరీ డౌనట. ఎనిమిది మెషీన్లు ఒక్కసారి కూతపెట్టినయి. మెషీన్ల లోపల బ్యాటరీ ఉంటది, రక్తం పంపును కాసేపు తిప్పుతది. కని అమ్మ మెషీన్ బ్యాటరీ కూడ ముసలిదే, రెండు నిమిషాలకే పంపు ఆగింది. రక్తం గొట్టాలల్ల నిలిచి ఉంది. నిలిస్తే గడ్డ కడతది. నాకు చెమటలు. ఆ తాళాల పిలగాడే వచ్చి, పంపు మూత తీసి, పక్కన తగిలిచ్చిన చిన్న హ్యాండిల్ తీసి అందుల పెట్టి చేత్తో తిప్పుడు మొదలుపెట్టిండు. మెల్లగ, ఒకే తీరుగ. కండ్లు గొట్టం మీదనే, గాలి బుడగ వస్తదేమో అని. "పెద్దమ్మా, ఇసుర్రాయి తిప్పినవా ఎప్పుడన్న?" అంటున్నడు ఆమెతోని. అమ్మ "నీ లెక్క కాదు బిడ్డా, జెర గట్టిగ తిప్పుదుం" అంటున్నది. రక్తమంతా చుక్క పోకుండ ఒంట్లకు ఎక్కిచ్చిండు. అప్పటికి జనరేటరు కూడ లేచింది. నేను అందరికి చెప్పేది ఏందంటే, జనరేటరు నెలకోసారి నడిపి చూస్తరా అని అడగండ్రి. ఇక్కడ ఆ దినం నుంచి ప్రతి శనివారం నడిపిస్తున్నరు. ఆ దినం నేను కోసిన స్టారుల సగం తిరిగి ఇచ్చిన.

ఇంకో సంగతి బత్తాయిలది. మా దిక్కు మనిషి బాగలేదంటే చూడనీకి వచ్చేటోళ్లు ఏం తెస్తరు? బత్తాయిలు, కొబ్బరి బోండాలు. మా మేనత్త తోటల బత్తాయిలే సంచి నింపి తెచ్చింది, ఒక ఆదివారం. నేను షాపుల ఉన్న. "ఒంట్ల సత్తువ లేదు, తాగు వదినె" అని రెండు గిలాసల రసం, ఒక బోండం. ప్రేమతోనే. సోమవారం పొద్దున అమ్మకు కాళ్లు లేస్తలేవు, బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. ఆటో మాట్లాడుకొని ఉరికినం. ఈసీజీ తీసిన్రు, రక్తం చూసిన్రు, పొటాషియం 6.9. మామూలుగ 3.5 నుంచి 5 ఉండాలె. ఆ అంకెకు గుండె ఎప్పుడన్న ఆగొచ్చు. మంచి కిడ్నీ ఉన్నోళ్లకు బత్తాయి రసంల పొటాషియం మూత్రంల పోతది, ఎవ్వరికీ తెల్వదు. అమ్మకు శుక్రవారం దిగిన మెషీన్ సోమవారం దాక లేదు, పోయే దారి లేదు. ఆ రెండు దినాల గ్యాపే అందరికి గండం. సెంటరుల ఆ పొద్దున మొదటి షిఫ్టు నిండి ఉంది. నకిరేకల్ దిక్కు నుంచి వచ్చే ఒక తాత అప్పటికే మంచమెక్కిండు, సూది గుచ్చలే. విషయం విని దిగిండు. "నాకు మధ్యాహ్నం పెట్టుండ్రి, నేను యాడికి పోను" అన్నడు. కూడికలు తీసివేతలు చేసి స్టార్లు వెయ్యొచ్చు గని దీనికి ఎన్ని వెయ్యాలె?

సెంటరోళ్లు అప్పటి నుంచి గోడకు ఒక చార్టు పెట్టిన్రు, తెలుగుల. బత్తాయి, బోండం, అరటిపండు, చింతపండు, ఆకుకూరలు, టమాట. మా అమ్మ దాన్ని చూసి "ఇగ తినేది గోడనేనా" అన్నది. పచ్చిపులుసు లేకుండ బువ్వ తినమంటే నల్లగొండ మనిషికి శిక్షే. కూరగాయలు సన్నగ తరిగి, ఎక్కువ నీళ్లల్ల ఉడికిచ్చి, ఆ నీళ్లు పారబోసి వండుతున్నం. రుచి చచ్చిపోతది, నిజం. నీళ్లు రోజుకు 700 మిల్లీలీటర్లు, అంటే ఆమెకు వచ్చే కొంచెం మూత్రం మీద అర లీటరు. పొద్దున అర లీటరు సీసా ఒకటి, చిన్న సీసా ఒకటి నింపి పెడత, చాయ, సల్ల అన్నీ అందులకెల్లే లెక్క. మే నెలల మనకాడ ఎండ తెలుసు గద. గోలీలు కూడ ఆ నీళ్లతోనే మింగాలె. ఐసు ముక్క చప్పరిస్తది, నీళ్లు పుక్కిలించి ఊస్తది. ఉప్పు తగ్గిస్తే దూప తగ్గుతది అని చెప్పిన్రు, నిజంగనే తగ్గింది. తొక్కు సీసాలు మా చెల్లె ఇంటికి పోయినయి.

మెషీన్ చెయ్యలేని పనులు కూడ ఉన్నయని ఇక్కడికి వచ్చినంకనే తెలిసింది. రక్తం తయారు చెయ్యమని ఎముక మజ్జకు చెప్పే హార్మోను కిడ్నీలనే పుడతది, ఎరిత్రోపోయిటిన్. అది లేక అమ్మకు హిమోగ్లోబిన్ 7కు దిగింది. దానికి సూది ఇస్తరు, ఐరన్ ఎక్కిస్తరు, ఇప్పుడు 10. విటమిన్ డి పనికొచ్చేటట్టు చేసేది కూడ కిడ్నీయే, దానికి వేరే గోలీ. వారంల ఉన్నది 168 గంటలు. అసలు కిడ్నీ ఆ 168 గంటలూ నడిచేది, మెషీన్ నడిచేది 12 గంటలు. మిగతా గంటలు మా వంటింటి మీద ఉంటయి.

పైసల సంగతి: ఆరోగ్యశ్రీ మీద డయాలసిస్‌కు మేం కట్టేది ఏం లేదు. రక్త పరీక్షలు కొన్ని బయట చేపిస్తం. వేలిముద్ర పడక కంప్యూటర్ కాడ నిలబడ్డ రోజులు ఉన్నయి, అమ్మ వేళ్లు పత్తి ఏరి అరిగిపోయినయి, మెషీన్ గుర్తుపట్టదు. హెపటైటిస్ బి టీకాలు ఇక్కడే వేసిన్రు, ఆ జబ్బున్నోళ్లకు మెషీన్ వేరే గదిల పెట్టిన్రు. మా ముందటి సెంటరుల ఆ గది లేకుండె.

ఇగ మైనస్‌లు. ఏసీ చల్లదనం విపరీతం, రక్తం బయట తిరిగొచ్చేసరికి మనిషికి ముందే చలి. దుప్పటి ఇంటి నుంచి తెచ్చుకోండ్రి. బాత్రూం తలుపుకు గడియ లేదు, నేనే ఒక తీగ ముక్కతోని కొక్కెం పెట్టిన. ఆఖరి షిఫ్టు రాత్రి పదకొండుకు దిగుతది, ఊర్లకు బస్సుండదు, దూరమోళ్లు పొద్దున షిఫ్టే అడగండ్రి. డాక్టర్ మేడమ్ సంగతి చెప్పిన. ఎదురుంగ ఉన్న హోటల్ల ఇడ్లీ తీసుకుంటే చట్నీ వద్దనండ్రి, కొబ్బరి.

కుర్చీలు. పేషెంట్ల ఎంబడి వచ్చినోళ్లు నాలుగు గంటలు ఎక్కడ కూసోవాలె? వరండాల రెండే కుర్చీలు, ఎనిమిది మందిమి. ఫిర్యాదు రిజిస్టరుల మూడుసార్లు రాసిన. పోయిన శుక్రవారం కొత్త బెంచీ ఒకటి వచ్చింది, ఇనుపది, మంచిగనే ఉంది. ఒక కాలు పొట్టిగుంది, ఊగుతది. సోమవారం పోయేటప్పుడు సంచిల రబ్బరు వాషరు పెట్టుకున్న.

ఐదుకు నాలుగు.